ఏరియేటర్ బోర్డుల పాటింగ్‌లో వేడి బయటికి పోవాలంటే ఏ సిరామిక్ పొడి, ఎంత కలపాలి?

ప్రశ్న – గట్టుమీద_బోర్డులు (భీమవరం)

అందరికీ నమస్కారం. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల రొయ్యల చెరువులకు ఏరియేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) టైమర్ బోర్డులు, గట్టు మీద పెట్టే ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు తయారు చేసి, బాగు చేసి ఇచ్చే చిన్న షాపు మాది. ఇక్కడి ఉప్పు తేమకు బోర్డు మీది రాగి గీతలు ఒక్క సీజన్‌లోనే పచ్చగా చిలుము పట్టిపోతున్నాయని, బోర్డు మొత్తాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండు భాగాల (రెజిన్, దాన్ని గట్టిపరచే హార్డెనర్) ఎపాక్సీ పోసి గట్టిపరచడం మొదలుపెట్టాము. దీన్నే పాటింగ్ అంటారు. చిలుము సమస్య పూర్తిగా తీరింది కాని, దాని స్థానంలో వేడి సమస్య వచ్చింది. రోహిణీ కార్తె ఎండల్లో పగలు కూడా ఏరియేటర్లు తిప్పే చెరువుల దగ్గర, ఎపాక్సీలో పూడుకుపోయిన కెపాసిటర్లు ఉబ్బి పాడవుతున్నాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ బోర్డు ఆగిపోతే రైతుకు ఎంత నష్టమో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కర లేదు.

ఎపాక్సీలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి కలిపితే వేడి త్వరగా బయటికి వస్తుందని తెలిసి, రెజిన్ బరువుకు సమానంగా పొడి కలిపి చూశాము. తేడా కనిపించింది కాని, చెప్పుకోదగినంత కాదు. అల్యూమినియం నైట్రైడ్ అయితే అల్యూమినా కంటే ఐదారు రెట్లు బాగా వేడిని మోస్తుందని, బోరాన్ నైట్రైడ్ అంతకంటే మేలని కొందరు అంటున్నారు. వాటి ధర చూస్తే గుండె ఆగినంత పనవుతోంది. అంత డబ్బు పెడితే నిజంగా అన్ని రెట్లు ప్రయోజనం ఉంటుందా? అలాగే, పొడి ఇంకా ఎక్కువ కలపబోతే మిశ్రమం ఇడ్లీ పిండిలా బిగిసి డబ్బా మూలల్లోకి పోవడం లేదు. దీనికి మార్గం ఏమిటి? బోర్డులో కరెంటు ఉంటుంది కనుక గ్రాఫైట్, లోహపు పొడులు పనికిరావని మాకు తెలుసు. బోర్డు మీద వేడిగా పోయేది మొత్తం 5 వాట్ల దాకా ఉంటుంది.

జవాబు 1 – కాకినాడ_పదార్థశాస్త్రం

మీకు వచ్చిన ఫలితంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. సమాన బరువు కలిపినప్పుడు అంతకంటే ఎక్కువ రావడానికి వీలు లేదు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే నైట్రైడ్ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ముందుగా కొన్ని అంకెలు. ఉష్ణ వాహకతను మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని కొలుస్తారు. ఇక్కడ దాన్ని యూనిట్లు అని మాత్రమే రాస్తాను. ఏమీ కలపని ఎపాక్సీ వాహకత సుమారు 0.2 యూనిట్లు. కదలని గాలిది 0.026. అల్యూమినాది సుమారు 30, మంచి అల్యూమినియం నైట్రైడ్‌ది 170 వరకు, అల్యూమినియం లోహానిది 200 పైచిలుకు. ఎపాక్సీ అణువులు క్రమం లేకుండా చిక్కుపడి ఉంటాయి కనుక, వేడిని మోసే అణు కంపనాలు అందులో ఎంతో దూరం పోకముందే చెదిరిపోతాయి. సిరామిక్ స్ఫటికంలో అణువులు వరుస తప్పకుండా, గట్టి బంధాలతో ఉంటాయి కనుక ఆ కంపనాలు చాలా దూరం సాగుతాయి.

ఇప్పుడు మీ మిశ్రమానికి వద్దాము. వేడి ప్రయాణానికి లెక్కలోకి వచ్చేది పొడి బరువు కాదు, అది ఆక్రమించే ఘనపరిమాణం. అల్యూమినా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.95 గ్రాములు, ఎపాక్సీది సుమారు 1.15. కనుక బరువులో సగం అల్యూమినా అంటే ఘనపరిమాణంలో అది 22.5 శాతం మాత్రమే. తక్కిన 77.5 శాతం ఎపాక్సీయే. రేణువులు ఒకదానికొకటి తగలకుండా ఎపాక్సీలో దూరదూరంగా తేలుతూ ఉంటాయి. ఇటువంటి మిశ్రమానికి మాక్స్‌వెల్ 1873లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ఆ సూత్రం ప్రకారం మీ మిశ్రమం వాహకత 0.37 యూనిట్లు. అంటే రెట్టింపు కూడా కాదు.

అసలు విషయం దీని తరువాతి లెక్కలో ఉంది. అదే 22.5 శాతం ఘనపరిమాణంలో అల్యూమినా తీసివేసి, 170 యూనిట్ల అల్యూమినియం నైట్రైడ్ వేశారనుకోండి. అదే సూత్రం ఇచ్చే జవాబు 0.373. మూడో దశాంశ స్థానంలో తప్ప తేడా లేదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పోయేవాడికి రెండు ఒడ్డుల మీద రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా, మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి పంటు (రేవు దాటించే పడవ) కోసం ఆగక తప్పనట్టే, వేడి ఒక రేణువు లోపల ఎంత వేగంగా పోయినా తరువాతి రేణువును చేరడానికి మధ్యలోని ఎపాక్సీని దాటవలసిందే. ఆలస్యమంతా అక్కడే జరుగుతున్నప్పుడు రేణువు నాణ్యతకు డబ్బు పోయడం దండగ.

కనుక చేయవలసినది రేణువుల మధ్య దూరం తగ్గించడం. బరువులో 80 శాతం అల్యూమినా కలపగలిగితే, అంటే 100 గ్రాముల మిశ్రమంలో 80 గ్రాములు పొడి అయితే, ఘనపరిమాణంలో అది సుమారు 54 శాతం అవుతుంది. అక్కడ మాక్స్‌వెల్ సూత్రం 0.9 యూనిట్లు చెబుతుంది. రేణువులు దగ్గరపడి ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడడాన్ని కూడా లెక్కించే బ్రగ్గెమాన్ సూత్రం (1935) 1.7 యూనిట్ల పైన చెబుతుంది. వాస్తవంలో ఈ రెంటికీ మధ్య ఎక్కడో తేలుతుంది. 1 నుంచి 1.5 వరకు ఆశించడం న్యాయం. ఏమీ కలపని ఎపాక్సీతో పోలిస్తే ఇది ఐదు రెట్లు, ఆ పైన. మొదటి 20 శాతం పొడి ఇచ్చే లాభం కంటే చివరి 10 శాతం ఇచ్చే లాభం ఎక్కువ అన్నది ఈ విషయంలో ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. పొడి తగ్గించి పొదుపు చేద్దామనుకునేవారు మోసపోయేది ఇక్కడే.

మిశ్రమం బిగిసిపోకుండా అంత పొడి పట్టించడం ఎలా అన్నది మీ రెండో ప్రశ్న. ఒకే పరిమాణం గల గోళాలను క్రమం లేకుండా పోసి ఎంత కుదిపినా చోటులో సుమారు 64 శాతానికి మించి నిండవు. ఆ పరిమితికి చాలా ముందే మిశ్రమం పారడం మానేస్తుంది. పెద్ద రేణువుల సందుల్లో ఇమిడేంత చిన్న రేణువులను జోడిస్తే ఆ పరిమితి పైకి జరుగుతుంది. పెద్దవాటి వ్యాసం చిన్నవాటికి ఏడు నుంచి పది రెట్లు ఉండాలి. ఉదాహరణకు 40 మైక్రాన్లు, 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పొడిలో సుమారు 70 నుంచి 75 శాతం పెద్దవి, తక్కినవి చిన్నవి. ఇంత పొడి వేసినా పారే గుణం మిగిలి ఉండడం చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. రేణువులు గుండ్రంగా ఉన్న అల్యూమినా దొరికితే ఇంకా మంచిది. దంచిన గాజులా కోసులు తేలిన పొడి ఒకదానికొకటి చిక్కుకుని త్వరగా బిగుస్తుంది. నానో పొడులు ఎంత ఆకర్షణీయంగా కనిపించినా ఈ పనికి వద్దు. వాటి ఉపరితలం చాలా ఎక్కువ కనుక చిక్కదనం పెంచుతాయి, వేడికి దాటవలసిన సరిహద్దులు కూడా పెంచుతాయి. రెండు పదార్థాలు కలిసే ప్రతి సరిహద్దు దగ్గరా వేడికి కొంత అడ్డు ఉంటుంది. ద్రవ హీలియం విషయంలో దీన్ని 1941లో గమనించిన భౌతిక శాస్త్రవేత్త కపిట్సా పేరుతోనే ఆ అడ్డును పిలుస్తారు.

ఆ సరిహద్దును మెరుగుపరచడానికి సైలేన్ అనే రసాయనాన్ని వాడతారు. దాని ఒక కొస అల్యూమినా ఉపరితలాన్ని, మరొక కొస ఎపాక్సీని పట్టుకుంటుంది. ఎపాక్సీకి అయితే ఎపాక్సీ సైలేన్ లేదా అమైనో సైలేన్ సరిపోతుంది. వేడి సంగతి అలా ఉంచి, పొడిని రెజిన్ బాగా తడిపి చిక్కదనం తగ్గుతుంది, రేణువు చుట్టూ గాలి పొర మిగలదు, తేమ ఆ సందుగుండా లోపలికి పాకదు. సైలేన్ పట్టించిన పొడినే అమ్ముతారు, అదే అడగండి.

నైట్రైడ్‌ల విషయంలో మీ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే మాట ఒకటి ఉంది. అల్యూమినియం నైట్రైడ్ తేమతో చర్య జరిపి, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతూ అమోనియా విడుదల చేస్తుంది. పైపూత లేని పొడి సంచిని విప్పి డెల్టా గాలిలో వదిలేస్తే, మీరు డబ్బు పెట్టి కొన్న వాహకత మెల్లగా కరిగిపోతుంది. సంచి తెరవగానే అమోనియా వాసన కొడితే అది చెడిపోవడం మొదలైందని అర్థం. హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్‌కు ఆ బాధ లేదు, మెత్తగా ఉంటుంది, పనిముట్లను అరగదీయదు. కాని దాని రేణువులు రేకులు. రేకు తలం వెంబడి వేడి అల్యూమినా కంటే ఎన్నో రెట్లు బాగా పోతుంది, రేకుకు అడ్డంగా అందులో చిన్న భాగం మాత్రమే పోతుంది. పలుచగా పోసినప్పుడు, ఒత్తినప్పుడు ఆ రేకులు పడుకుంటాయి. మీకు వేడి పోవలసింది మందం గుండా. పైగా రేకులు చిక్కదనాన్ని విపరీతంగా పెంచుతాయి. మీ పనికి రెండు పరిమాణాల అల్యూమినాయే సరైనదని నా అభిప్రాయం.

జవాబు 2 – రైస్‌మిల్లు_మండపేట

చర్చ చదివాక ఒక సందేహం వచ్చింది. మన రెండు గోదావరి జిల్లాల మిల్లుల్లో బాయిలర్ల కింద నుంచి వచ్చే ఊక బూడిదకు కొదవ లేదు. అందులో అధిక భాగం సిలికాయే అని, సిలికా కూడా సిరామిక్ పదార్థమే అని విన్నాను. దాన్ని బాగా కాల్చి, మెత్తగా జల్లించి వాడితే ఖర్చు నామమాత్రం కదా? కాకినాడ వారు దయచేసి చెప్పగలరు.

జవాబు 3 – కాకినాడ_పదార్థశాస్త్రం

మీరు విన్నది నిజమే. బాగా కాలిన ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉండవచ్చు. అయితే అది స్ఫటిక రూపంలో లేని సిలికా, పైగా రేణువు రేణువులోనూ సన్నని రంధ్రాలు. స్ఫటికం కాని సిలికా వాహకత ఎంత స్వచ్ఛమైనదైనా 1.4 యూనిట్లే, రంధ్రాలలోని గాలి దాన్ని ఇంకా దించుతుంది. ఉక్కు కర్మాగారాలలో కరిగిన ఉక్కు మీద ఊక బూడిద చల్లేది వేడి పోకుండా ఆపడానికి. మనకు కావలసినది సరిగ్గా దానికి విరుద్ధమైన గుణం. రంధ్రాలు రెజిన్‌ను పీల్చుకుని మిశ్రమం కూడా త్వరగా బిగుస్తుంది. బూడిదను ఎక్కువ వేడిలో కాల్చి స్ఫటికంగా మారుద్దామని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. అలా ఏర్పడే క్రిస్టోబలైట్ ధూళి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. సిమెంటులోనో ఇటుకలోనో ఆ బూడిదకు మంచి ఉపయోగం ఉంది, ఇక్కడ లేదు.

జవాబు 4 – వైండింగ్_తణుకు

సిద్ధాంతం కాకినాడ వారు చెప్పారు కనుక, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ఎపాక్సీ పోసే మా షాపులో పాటించే పద్ధతి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు హార్డెనర్ లెక్క. హార్డెనర్‌ను రెజిన్ బరువును బట్టి మాత్రమే వేయాలి. పొడి బరువును అందులో కలపకూడదు. 100 గ్రాముల రెజిన్‌కు 10 గ్రాముల హార్డెనర్ అని డబ్బా మీద ఉంటే, అందులో మీరు 440 గ్రాముల అల్యూమినా కలిపినా వేయవలసింది ఆ 10 గ్రాములే. కుర్రాళ్లు మొత్తం గిన్నెను తూకం వేసి పదో వంతు పోసేస్తారు. అది ఎప్పటికీ సరిగా గట్టిపడక తోలులా మిగిలిపోతుంది, బోర్డు పనికిరాదు. పైన చెప్పిన 110 గ్రాములకు 440 గ్రాములు అంటే సరిగ్గా బరువులో 80 శాతం.

పొడి ఎంత తెల్లగా, పొడిగా కనిపించినా మన వాతావరణంలో దాని ఒంటి నిండా తేమ ఉంటుంది. పలుచగా పళ్లెంలో పరచి, 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచి, మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి వేడిమీదనే ఎత్తుతాము. ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఈ పని మానేస్తే పోసిన ముక్కలో సన్నని బుడగలు తప్పవు. రెజిన్‌ను కూడా 50, 60 డిగ్రీలకు వెచ్చబెడితే నీళ్లలా పలుచబడి పొడిని సులువుగా తీసుకుంటుంది. పొడి మొత్తం రెజిన్‌లో కలిపి, వాక్యూమ్ డబ్బాలో పెడితే మిశ్రమం పొంగి, నురగ కట్టి, తరువాత దానంతట అదే కూలుతుంది. ఆ కూలడం చూశాకే బయటికి తీయాలి. హార్డెనర్ మాత్రం కొంచెం చల్లారాక కలపాలి, లేకపోతే గిన్నెలోనే గడ్డకడుతుంది. కలిపాక మరొకసారి కొద్దిసేపు వాక్యూమ్ పెట్టి వెంటనే పోయాలి. వాన రోజుల్లో పోసిన ముక్క పైన జిడ్డు జిడ్డుగా తెల్లటి పొర కడితే, అది గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ అమైన్ హార్డెనర్‌తో కలవడం వల్ల వచ్చేది. తలుపులు మూసి, వెచ్చని చోట గట్టిపడనిస్తే రాదు.

బుడగలు పోయాయో లేదో కంటికి తెలియదు. గట్టిపడిన చిన్న ముక్కను దారంతో కట్టి, గాలిలో ఒకసారి, నీటిలో వేలాడదీసి ఒకసారి తూచి సాంద్రత లెక్కకట్టండి. 80 శాతం మిశ్రమానికి అది ఘన సెంటీమీటరుకు 2.66 గ్రాముల దగ్గర రావాలి. 2.4 వచ్చిందంటే దాదాపు పదో వంతు గాలి పోశారన్నమాట. వాహకత కొలిచే యంత్రం లేని మాలాంటి షాపులకు నగల తూకం మిషనే లాబొరేటరీ.

మరొక్క మాట. అల్యూమినా బరువైనది కనుక పోసిన తరువాత అడుగుకు దిగుతుంది. రేణువు వ్యాసం రెట్టింపైతే దిగే వేగం నాలుగు రెట్లు అవుతుంది. ముక్కను నిలువునా కోసి చూస్తే పైన అద్దంలా మెరిసే రెజిన్ పొర, కింద తెల్లగా గట్టి పొర కనిపిస్తే అదే జరిగిందని అర్థం. కొద్దిగా ఫ్యూమ్డ్ సిలికా (చిక్కదనం పెంచే అతి సన్నని సిలికా పొడి) కలిపితే ఆగుతుంది కాని, పోయడం కష్టమవుతుంది. మేము దాన్ని ఆపే బదులు వాడుకుంటాము: వేడెక్కే భాగాలు కిందికి వచ్చేలా బోర్డును బోర్లా పెట్టి పోస్తాము, పొడి అక్కడికే దిగుతుంది. పొడి ఎత్తేటప్పుడు మాస్కు తప్పనిసరి.

మళ్లీ – గట్టుమీద_బోర్డులు (భీమవరం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేము ఇంతవరకు ప్లాస్టిక్ డబ్బానే వాడుతున్నాము, బోర్డుకు, డబ్బా గోడకు మధ్య 5 మిల్లీమీటర్ల దాకా ఎపాక్సీ ఉంటుంది. పై లెక్కల ప్రకారం 1 యూనిట్ మిశ్రమం తయారు చేస్తే మా బోర్డు ఎన్ని డిగ్రీలు చల్లబడుతుంది? ఇంకా కష్టపడి 3 యూనిట్లు చేరుకుంటే అంత లాభం ఉంటుందా? ఎపాక్సీ బదులు పాలియూరిథేన్ (ఇలాగే పోసి గట్టిపరచే మరో రకం ప్లాస్టిక్) వాడమని కూడా ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు 5 – కాకినాడ_పదార్థశాస్త్రం

వేడెక్కే భాగాల కింద వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు అనుకుని లెక్క కడదాము. మందాన్ని వాహకతతోను, వైశాల్యంతోను భాగిస్తే ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీల తేడా ఏర్పడుతుందో వస్తుంది. ఏమీ కలపని ఎపాక్సీకి అది 6.25; మీ 5 వాట్లకు, డబ్బా గోడ కంటే లోపల 31 డిగ్రీలు ఎక్కువ. మీ ప్రస్తుత 0.37 మిశ్రమానికి సుమారు 17 డిగ్రీలు. 1 యూనిట్‌కు 6 డిగ్రీల పైచిలుకు. 3 యూనిట్లకు 2 డిగ్రీలు. అంటే 0.2 నుంచి 1కి పోతే 25 డిగ్రీలు దక్కుతాయి, 1 నుంచి 3కి పోతే మరో 4 మాత్రమే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని లెక్క కనుక ఆ 25 డిగ్రీలు చాలా విలువైనవి. తరువాతి నాలుగింటి కోసం ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అదే నాలుగు డిగ్రీలలో మూడు వంతులు, మందాన్ని 5 నుంచి 2.5 మిల్లీమీటర్లకు తగ్గించినా వస్తాయి. ఆ సందులో కరెంటుకు కావలసిన ఎడం తగ్గకుండా మాత్రం చూసుకోవాలి.

డబ్బా గోడ దాటాక ఏమవుతుందన్నది మరొక సంగతి. ప్లాస్టిక్ గోడ వాహకత కూడా ఎపాక్సీ లాగానే 0.2 దగ్గరే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల గోడ ఉంటే పై లెక్క ప్రకారమే అక్కడ మరో 12 డిగ్రీలు పోతాయి. అడుగున అల్యూమినియం రేకు పలక బిగించి, వేడి దాని మీదుగా పరుచుకునేలా చేస్తే ఆ 12 డిగ్రీలూ దాదాపు మాయమవుతాయి. కదలని గాలిలో డబ్బా ఉపరితలం చదరపు మీటరుకు, డిగ్రీకి ఇంచుమించు 10 వాట్లు మాత్రమే వదలగలదు. 400 చదరపు సెంటీమీటర్ల డబ్బాకు అది మరో 12 డిగ్రీలు. దీన్ని ఏ పొడీ తగ్గించలేదు. నీడ, గాలి తగిలే చోటు, పెద్ద పలక మాత్రమే తగ్గిస్తాయి.

పాలియూరిథేన్ మెత్తగా ఉంటుంది కనుక ఫెర్రైట్ కోర్లను (తీగ చుట్టల మధ్య ఉండే పెళుసైన అయస్కాంత పదార్థపు ముక్కలను), గాజు డయోడ్లను పగలగొట్టదు; అది నిజమైన సుగుణమే. కాని దానిలోని ఐసోసైనేట్ అనే రసాయనం తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదిలి నురగలా పొంగుతుంది. వాన కాలంలో భీమవరంలో దానితో పని అంటే ఏసీ గది, బాగా ఎండబెట్టిన పొడి తప్పవు. ఎపాక్సీలోనే అల్యూమినా పెరిగిన కొద్దీ వ్యాకోచం తగ్గి బోర్డుకు దగ్గరవుతుంది కనుక పగుళ్ల భయం కొంత తగ్గుతుంది. ఫెర్రైట్ కోరు మీద మాత్రం పోసేముందు పలుచగా సిలికోన్ పూయండి.